అత్తమ్మ ఫ్యాను ఖరీదు నెలకు 54 రూపాయలు

కరెంటు బిల్లు వచ్చిన రోజు ఏ ఇంట్లోనైనా మొదట వినిపించే మాట ఒకటే. "ఆ లైట్లు, ఫ్యాన్లు కాస్త చూసి వేసుకోండి." అందరికీ చెప్పినట్టే ఉంటుంది కానీ, ఆ మాటను ఒంటికి పట్టించుకునేది మాత్రం మనమే. పోపు పొగలో నిలబడి కూడా ఎగ్జాస్ట్ ఫ్యాను వేసుకోం. మధ్యాహ్నం ఇంట్లో ఒక్కళ్లమే ఉంటే "నా ఒక్కదానికి ఎందుకులే" అని చెమటలోనే బట్టలు మడతపెట్టుకుంటాం. హాల్లో టీవీ మాత్రం ఎవరూ చూడకపోయినా మోగుతూనే ఉంటుంది.

మా ఇంట్లో ఈ పొదుపులో అందరికన్నా ముందుండేది మా అత్తమ్మ. వయసు డెబ్బై నాలుగు. హనుమకొండ ఎండల సంగతి తెలిసిందే కదా. మే నెల మధ్యాహ్నం కూడా ఫ్యాను బంద్ చేసి, విసనకర్ర పట్టుకుని గడప దగ్గర కూర్చుంటారు. నేను వెళ్లి ఫ్యాను వేస్తే, "గాలి వస్తనే ఉంది గద బిడ్డా, కరెంటు ఎందుకు దండుగ?" అంటారు. నేను ఇటు తిరగ్గానే మళ్లీ స్విచ్ ఆగిపోతుంది.

నిరుడు మే నెలలో అలాగే కూర్చుని కూర్చుని కళ్లు తిరిగి ఒరిగిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్తే సెలైన్ ఎక్కించారు. పెద్దవాళ్లకు దాహం సరిగ్గా తెలియదని, వేడికి తొందరగా నీరసపడతారని డాక్టరు గారు చెప్పి పంపారు. ఇంటికొచ్చిన మర్నాడు చూస్తే ఫ్యాను మళ్లీ బంద్!

ఇక మాటలతో లాభం లేదని నోటుబుక్కు తీసుకుని లెక్క వేశాను. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. అత్తమ్మ ఆపేసే ఐదు గంటలు, నెల రోజులు కలిపితే 11 యూనిట్ల పైచిలుకు. యూనిట్ 4.80 చొప్పున 54 రూపాయలు. మనం ఆపేసే 40 వాట్ల ఎగ్జాస్ట్ ఫ్యాను రోజుకు రెండు గంటలు తిరిగితే నెలకు పన్నెండు రూపాయలు కూడా కాదు. అదే పది వాట్ల సెట్‌టాప్ బాక్సు రాత్రీ పగలూ ఆన్‌లో ఉంటే నెలకు 7 యూనిట్లు. అంటే పెద్దావిడ ప్రాణం మీదికి తెచ్చుకుని మిగిల్చిన దాంట్లో సగానికి పైగా ఎవరికీ పనికిరాకుండా ఆ డబ్బా తినేస్తోంది.

అసలు డబ్బు ఎక్కడ పోతోందో బిల్లులోనే ఉంటుంది. తెలంగాణలో 2022లో వచ్చిన రేట్ల ప్రకారం, నెలకు 100 దాటి 200 లోపు వాడితే మొదటి వందకు యూనిట్ 3.40, ఆ తర్వాత 4.80. కానీ 200 దాటామా, మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. మొదటి 200కు 5.10, ఆ పైన 7.70. 198 యూనిట్లకు 810 రూపాయలైతే, 212 యూనిట్లకు 1,112. మిగతా చార్జీలు వేరే. పద్నాలుగు యూనిట్లకు మూడు వందల రూపాయల తేడా! గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లకు ఈ 200 గీత ఇంకా ముఖ్యం. దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఆంధ్రలో స్లాబులు వేరు, మీ బిల్లు ఒకసారి తీసి చూసుకోండి.

కాబట్టి మనుషుల జోలికి పోకుండా, వస్తువుల మీద పడ్డాం. రాత్రి పడుకునే ముందు టీవీ, సెట్‌టాప్ బాక్సు గోడ దగ్గర స్విచ్ ఆపడం మా అబ్బాయి డ్యూటీ. ఫ్రిజ్ తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగి చూశాను. సులువుగా జారి వచ్చేసింది. అంటే రబ్బరు వదులైందన్నమాట. అది మార్పించి, గోడకు ఆనుకుని ఉన్న ఫ్రిజ్‌ను కాస్త ముందుకు జరిపాం. ఏసీ 20లో పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటు మా వారిది. ఇప్పుడు 26లో పెట్టి, పైన ఫ్యాను చిన్నగా తిప్పుతున్నాం. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ వాడే కరెంటు దాదాపు ఆరు శాతం తగ్గుతుందని బీఈఈ వాళ్లే చెబుతారు. మే నెలంతా ఆ ఒక్క గదిలోనే చాపలేసుకుని అందరం పడుకున్నాం. పిల్లలకు అది పండగలా ఉంది.

చలికాలానికి కూడా ఒక లెక్క ఉంది. ఒక బకెట్ వేడినీళ్లకు సుమారు అర యూనిట్ అవుతుంది. గీజర్ ఆన్ చేసి ఒకరి తర్వాత ఒకరు వరసగా స్నానాలు కానిస్తే, చల్లారిన నీళ్లనే మళ్లీ మళ్లీ కాచే ఖర్చు తప్పుతుంది. గ్యాస్ సంగతికొస్తే, కందిపప్పు అరగంట ముందు నానబెట్టడం, కుక్కర్ మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టడం మనకు తెలిసినవే. ఇవి ఇంట్లో ఇంకొకరికి కూడా నేర్పించాలి. పొదుపు అంతా ఒక్క మనిషి గుర్తుపెట్టుకునే పని కాకూడదు.

ఇక అత్తమ్మ గదికి బీఎల్‌డీసీ ఫ్యాను తెచ్చాం. మూడు వేల దరిదాపుల్లో పడింది. పాత ఫ్యాను తాగే కరెంటులో సగం కూడా తాగదు, ముప్ఫై వాట్ల చిల్లర అంతే. "ఎండదెబ్బ తగులుతుంది అత్తమ్మా" అని ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి, "దీనికి నెలంతా మధ్యాహ్నాలు తిరిగినా ఇరవై నాలుగు రూపాయలకు మించదు" అనగానే రిమోట్ చేతిలోకి తీసుకున్నారు. "గట్లనా? ముందే తేకపోతిరి" అన్నారు. ఆవిడకు కావలసింది జాగ్రత్తలు కాదు, లెక్క. ఇల్లు కట్టుకోవడానికి పైసా పైసా కూడబెట్టిన మనిషి. ఆ పొదుపును తీసిపారేసినట్టు మాట్లాడితే ఎందుకు వింటారు?

ఈసారి బిల్లు రాగానే మీరూ ఒక కాగితం తీసుకోండి. తగ్గించాల్సినవి రాసే ముందు, పైన తగ్గించకూడనివి రాయండి. పెద్దవాళ్ల గదిలో ఫ్యాను, వంటింట్లో ఎగ్జాస్ట్, మెట్ల దగ్గర లైటు. అందులో మీ పేరు రాయడం మర్చిపోకండి.