అరువు రేపు

మా అబ్బా అమలాపురంలో నలభై ఏళ్ళుగా కుట్టుపని చేస్తున్నారు. చొక్కా కుట్టడం పూర్తయ్యాక మిగిలిన గుడ్డ అరచేతి వెడల్పే ఉన్నా సరే, దాన్ని మడిచి ఆ చొక్కా జేబులోనే పెట్టి ఇవ్వడం ఆయన అలవాటు. చాలామంది ఆ ముక్కను అక్కడే పారేసి వెళ్ళేవారు. ఎలాగూ పారేసేదే కదా, ఇవ్వడమెందుకని చిన్నతనంలో ఒకసారి అడిగాను. “పారేసే హక్కు వాళ్ళది, మనది కాదు” అన్నారు. ఆ మాట నాకు మళ్ళీ ఎదురుపడిన సందర్భం గురించే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

కోనసీమలో ఎన్నో ఇళ్ళలాగే మా ఇంటినుంచీ ఒకరు గల్ఫ్ వెళ్ళారు. ఆ ఒకరిని నేనే. కువైట్‌లో ఒక బట్టల దుకాణంలో ఐదేళ్ళు పనిచేసి, కరోనా కాలంలో తిరిగివచ్చాను. తెచ్చుకున్న సొమ్ములో ఇంటి బాకీలు తీరగా అరవై వేలు మిగిలాయి. వడ్డీకి మరో లక్ష తెచ్చి పెద్ద దుకాణం పెట్టమన్న సలహాలు చాలానే వచ్చాయి. నేను ఆ అరవై వేలకే పరిమితమై, మా పెరటి రేకుల షెడ్డులో టీషర్టుల అచ్చు మొదలుపెట్టాను. నగరాల్లో కుర్రవాళ్ళు దీన్ని ‘స్ట్రీట్‌వేర్’ అంటారు. భుజాలు జారిన వదులు టీషర్టు, దానిమీద ఒక మాటో గుర్తో, కొద్ది సంఖ్యలో మాత్రమే వేసి అమ్మడం దాని పద్ధతి. హుడీలు కూడా ఇందులో భాగమే గానీ, కోనసీమ ఉక్కలో హుడీ తొడిగే ధైర్యం డిసెంబరులో కూడా ఎవరికీ ఉండదు.

పెట్టుబడి లెక్క సులభమే. చదరపు మీటరుకు 240 గ్రాముల బరువుండే నూలు గుడ్డతో కుట్టిన సాదా టీషర్టు తిరుప్పూరు నుంచి నాకు 230 రూపాయలకు వచ్చేది. అచ్చుకు 45, సంచికి 15, కొరియరుకు 65. అమ్మకం 549. తిరిగి వచ్చేవీ, మరకలు పడేవీ పోగా చొక్కాకు నూట యాభై మిగిలితే ఆ నెల బాగున్నట్టు.

లెక్కలో ఇమడనిది ఒక్కటే: చొక్కామీద ఏం వేయాలి? జీవుల బొమ్మలు వేయరాదని మొదటే నిశ్చయించుకున్నాను. హీరోల ముఖాలూ పులుల తలలూ లేకుండా టీషర్టు ఎవరు కొంటారని స్నేహితులు నవ్వారు. 2018లో సినీనటుడు విజయ్ దేవరకొండ ‘రౌడీ’ పేరుతో బట్టలు తెచ్చిన తరువాత ఇక్కడి కుర్రకారుకు ఈ వరసపై మోజు పెరిగింది నిజమే గానీ, నా వెనుక ఏ నటుడూ లేడు. నాకు మిగిలింది తెలుగు అక్షరం. మొదటి రెండు టీషర్టులకు సిలికానాంధ్ర వారు ఉచితంగా విడుదల చేసిన రామభద్ర వంటి ఫాంట్లు వాడుకున్నాను. ఎవరైనా వాడుకోవచ్చునని అనుమతిచ్చి విడుదల చేసిన అక్షరాలవి. చక్కగానే ఉన్నాయి, కానీ అమ్ముడుపోలేదు. పెళ్ళి ఫ్లెక్సీలా ఉందని ఒక కుర్రాడు మొహంమీదే అన్నాడు.

మా ప్రాంతంలో చేతిపనికి కొదవ లేదు. బండారులంకలో మగ్గాలున్నాయి. కొత్తపేటలో విగ్రహాలు చేసే శిల్పులున్నారు. నా టీషర్టులకు ఫొటోలు తీసేదీ, రీల్స్ చేసేదీ అమలాపురంలో పెళ్ళి వీడియోలు తీసే పిల్లలే. కనబడకుండా పోయింది గోడమీద కుంచెతో అక్షరాలు రాసేవారు. ఫ్లెక్సీ వచ్చి వారి పనిని మింగేసింది. రాజోలు వెళ్ళే దారిలో ఒక కిరాణా కొట్టు గోడపై మాత్రం పాత రాత ఇంకా మిగిలి ఉంది. ఎరుపు అక్షరాలు, పసుపు నీడ: ‘అరువు రేపు’. నేను బండి ఆపి ఫొటో తీశాను. ఫోనులోనే ఆ అక్షరాల అంచులు గీసుకుని, స్క్రీన్ చేయించి, వంద టీషర్టులు అచ్చువేశాను. పన్నెండు రోజుల్లో అయిపోయాయి. మళ్ళీ రెండు వందలు వేశాను. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుంటూ, ఇది ఎవరి రాత అన్న ప్రశ్న నా మనసులోకి రానివ్వలేదు. రాలేదని చెబితే అబద్ధమవుతుంది.

ఒక మధ్యాహ్నం, ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి ఒక పెద్దాయన అబ్బా దగ్గరికి వచ్చారు. బల్లమీద ఉన్న నా టీషర్టుల దొంతరను చూసి, పైదాన్ని విప్పి, చాలాసేపు పట్టుకుని కూర్చున్నారట. “ఇది నా చెయ్యి సాయిబు గారూ” అని మాత్రం అని, ప్యాంటు తీసుకుని వెళ్ళిపోయారట. వారిది అంబాజీపేట. ఒకప్పుడు అక్కడి కొబ్బరి వ్యాపారుల బోర్డులెన్నో వారు రాసినవే.

రాత్రి అన్నాల దగ్గర అబ్బా “అడిగావా?” అన్నారు. నేను వాదించాను. గోడమీది రాత అందరూ చూసేదేనని, కొట్టు యజమాని అప్పుడే కూలి ఇచ్చేశాడని, కింద సంతకమైనా లేదని. అబ్బా బదులు చెప్పలేదు. ఆ మౌనంలో గుడ్డముక్క గుర్తుకొచ్చింది.

జుమా తరువాత మా మసీదు మౌలానా గారిని అడిగాను. 1988 డిసెంబరులో, నేను పనిచేసి వచ్చిన అదే కువైట్‌లో, అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ సమావేశమై రచనలూ, నవకల్పనలూ, వ్యాపార నామాలూ వాటి యజమానులకు షరీఅత్ ప్రకారం రక్షణగల హక్కులేనని, వాటిని అతిక్రమించరాదని తీర్మానించిందని వారు చెప్పారు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం కూడా కళాకృతికి కర్త జీవితకాలమూ, ఆపైన అరవై ఏళ్ళూ రక్షణ ఇస్తుంది. ఆ చట్టంలో నాకు అనుకూలమైన సందు ఏదైనా దొరుకుతుందేమోనని రెండు రోజులు వెతికాను. ఆ వెతకడమే నా సంగతేమిటో నాకు చెప్పింది. ఈ వరస బట్టలకు ఆద్యుల్లో ఒకడని చెప్పుకునే అమెరికావాడు షాన్ స్టూసీ, కాలిఫోర్నియాలో అలలపై తేలే పలకలు చేస్తూ వాటిపై పెట్టుకున్న సంతకాన్నే 1980ల తొలినాళ్ళలో టీషర్టులపై అచ్చువేశాడు. అతడు తన చేతిరాతనే అమ్ముకున్నాడు.

చొక్కాకు ఇరవై అయిదు చొప్పున మూడు వందలకు ఏడు వేల అయిదు వందలు అని లెక్క కట్టాను. కట్టి, మూడు వారాలు ఇవ్వలేదు. తిరుప్పూరుకు కొత్త సరుకు బయానా పంపవలసి ఉంది, ఆ వారం చేతిలో ఉన్నది అంతే. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినవుతానని అల్లాహ్ హెచ్చరించిన హదీసు బుఖారీలో ఉంది. అది నాకు తెలియనిది కాదు. రోజూ షెడ్డులో నా ఎదుట దండెంమీద ‘అరువు రేపు’ అని ఆరుతున్న టీషర్టుల మధ్యనే తిరుగుతూ, రేపు ఇద్దాంలే అనుకున్నాను.

చివరికి వెళ్ళిన రోజున ఆర్టిస్టు గారు ఇంటి అరుగుమీద ఒక పడవ పలకకు నెంబరు రాస్తున్నారు. డబ్బు కవరు పక్కన పెట్టించి, ముందు టీషర్టు తెమ్మన్నారు.

“అబ్బాయ్, ఇదేంటో చదువు” అన్నారు.

“అరువు రేపు అండి.”

“కాదు. అరువు రేవు. సరిగ్గా చూడు.”

చూశాను. ‘ప’ పైన తెరిచి ఉండవలసిన చోట ఇంకు నిండి మూసుకుపోయింది. గోడమీద అంగుళం ఉన్న సందు చొక్కామీదికి వచ్చేసరికి నూలుపోగంత అయింది. జాలీలోంచి దిగిన ఇంకు దాన్ని పూడ్చేసింది. మూడు వందల మంది ఎదపై ‘రేవు’ అని వేసి పంపాను. నాతో సహా ఒక్కరూ గమనించలేదు. “చిన్నగా రాసేటప్పుడు ‘ప’ నోరు ఇంకొంచెం తెరవాలయ్యా. లేకపోతే ‘వ’ అయిపోద్ది. నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా” అన్నారు. నొచ్చుకున్నది డబ్బుకు కాదు, తన రాత తప్పుగా ఊరంతా తిరిగినందుకు. కవరు విప్పి లెక్కపెట్టి, ఆ కొట్టువాళ్ళు అప్పట్లో మొత్తం గోడకు నూటయాభై ఇచ్చారని చెప్పి నవ్వారు.

ఇప్పుడు అక్షరాలన్నీ వారివే. కాగితంపై కుంచెతో రాసి ఇస్తారు. చొక్కాకు ముప్ఫై రూపాయలు, అచ్చు దిగిన రోజునే. బోర్డుల కాలంలో సంతకానికి చోటు దండగని కొట్టువాళ్ళు ఒప్పుకునేవారు కాదట. అందుకని టీషర్టు అడుగున, ఎడమవైపు, చిటికెన గోరంత సంతకం ఉంటుంది. వారి చెయ్యి వణుకుతోంది. ఉదయం పూట మాత్రమే రాయగలుగుతున్నారు. వారి తరువాత ఏం చేయాలో నాకు ఇంకా తోచలేదు. రీల్స్ చేసే పిల్లల్లో ఒకడు ఆదివారాలు వెళ్ళి కుంచె పట్టడం నేర్చుకుంటున్నాడు గానీ, వాడిది ఎన్నాళ్ళ ఉత్సాహమో చెప్పలేను. ఆ కిరాణా కొట్టాయనకు కూడా ఒక టీషర్టు తీసుకెళ్ళి ఇచ్చాను. అరువా అని అడిగాడు.

క్రిందటి నెల రావులపాలెంలో రోడ్డుపక్కన ఒక బండిమీద మా ‘అరువు రేపు’ 250 రూపాయలకు అమ్ముతుంటే చూశాను. మాది కాదు. కానీ ‘ప’ నోరు మూసుకునే ఉంది. మా పాత అచ్చుకే నకలు. కోపంతో ఒళ్ళు మండిపోయింది. ఒకటి కొని ఇంటికి తెచ్చి అబ్బా ముందు పడేశాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, దాన్ని తిరగేసి, భుజం దగ్గర కుట్టును గోటితో గీరి చూశారు.

“కుట్టు మాత్రం నీదానికంటే గట్టిగా ఉంది” అన్నారు.