వంశధార వెంట రెండు రోజులు

ఇది పెద్ద పోస్టు. పనిలో ఉంటే దాచుకుని రాత్రి తీరిగ్గా చదవండి.

మనలో చాలామందికి వంశధార అంటే కాలవే. నీళ్ళు వదిలారా లేదా, మన మదుం దాకా వచ్చాయా లేదా, పై ఊరోళ్ళు అడ్డుకట్ట వేశారా, ఇంతే మన లెక్క. ఎడమ కాలవ కింద 1.48 లక్షల ఎకరాల ఆయకట్టు అని కాగితాల్లో ఉంటుంది. అందులో మా మూడున్నర ఎకరాలు కూడా ఉన్నాయి. కానీ ఆ నీరు ఏ దారిన వచ్చి ఎక్కడికి పోతుందో, ఒడ్డున ఏమేం ఉన్నాయో చూడ్డానికి మనం వెళ్ళింది తక్కువ. అరకు వెళ్తాం, తిరుపతి వెళ్తాం. పక్కనున్న ఏటి వెంట మాత్రం వెళ్ళం. ఈ సంక్రాంతి అయ్యాక మేం వెళ్ళాం. గొట్టా బ్యారేజి దగ్గర మొదలుపెట్టి, కళింగపట్నంలో ఏరు సముద్రంలో కలిసే దాకా, రెండు రోజులు.

వెళ్ళడానికి కారణం ఉంది. మా పెద్దాడు చెన్నైలో పని చేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు రోడ్డు వైపున్న ఎకరంన్నర అమ్మేద్దామన్నాడు. ప్లాట్లు వేసేవాళ్ళు అడుగుతున్నారట. వాడు ఊరికే అనలేదు, కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఎకరాకి 22 బస్తాలు అంటే 17 క్వింటాళ్ళ 60 కిలోలు. 2025-26 మద్దతు ధర 2,369 రూపాయలు పూర్తిగా వచ్చిందనుకున్నా 41,700కి మించదు. దమ్ము, ఊడుపు, ఎరువు, కోత, నూర్పు, మోత అన్నీ కలిపి మాకు ఎకరాకి 32 వేలు అయింది. అయిదు నెలల కష్టానికి పది వేలు కూడా మిగల్లేదు. "ఇంకా ఏటి చూసి ఉంచుకోవాలి నానా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా నాన్నకి కోపం వచ్చింది. ఆయనకి 76 ఏళ్ళు. రెండు రోజులు ఇంట్లో ముగ్గురం సరిగ్గా మాట్లాడుకోలేదు.

మూడో రోజు పొద్దున్న నాన్నే అన్నాడు, "ఏరు సముద్రంలో కలిసే చోటు చూసి ముప్పయ్యేళ్ళయింది. ఓపాలి తీసుకెళ్ళండర్రా" అని. మడుల్లో పెసర, మినుము పూత మీద ఉన్నాయి. పది రోజులు పెద్ద పని లేదు. ఊళ్ళో బొలెరో మాట్లాడుకున్నాం. మా ఇంట్లో అయిదుగురం, మా బావ వాళ్ళు నలుగురు. బియ్యం, గిన్నెలు, రెండు బరకాలు, దుప్పట్లు వేసుకుని బయల్దేరాం.

ముందు హిరమండలం దగ్గర గొట్టా. మన కాలవ మొదలయ్యేది ఇక్కడే. వంశధార ఒడిశాలో కలహండి జిల్లా కొండల్లో పుట్టి, సుమారు 254 కిలోమీటర్లు నడిచి సముద్రంలో పడుతుంది. జనవరి కదా, గేట్ల కింద నీళ్ళు తక్కువగా ఉన్నాయి. నాన్న గట్టు మీద నిలబడి 1980 వరద గురించి చెప్పాడు. ఆ యేడు ఏరు పొంగితే చేలు ఎక్కడో, ఏరు ఎక్కడో తెలియలేదట. మా పెద్దాడికి 1980 తెలీదు గానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తెలుసు. కోతకొచ్చిన చేను నీళ్ళలో పడుకుని మొలకలెత్తడం వాడు కళ్ళారా చూశాడు. ఏరు ఇచ్చేదీ, పట్టుకుపోయేదీ ఇద్దరికీ తెలుసు. అక్కడ ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు, చాలా రోజుల తర్వాత.

అక్కడి నుంచి జలుమూరు మండలంలో శ్రీముఖలింగం. శివరాత్రికీ, చక్రతీర్థ స్నానానికీ మనమంతా వెళ్తాం. ఆ జనంలో గుడి కనబడదు, మనుషులే కనబడతారు. ఉత్తి రోజున వెళ్ళండి, అప్పుడు తెలుస్తుంది. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్ళు. మధుకం అంటే ఇప్పచెట్టు. ఇప్పచెట్టులో సవరలకి దొరికిన దేవుడని కథ. మధుకేశ్వరుడి గుడి గోడల నిండా పాత శాసనాలు ఉన్నాయి. చాలావరకు దీపాలు ఆరకుండా వెలగడానికి ఇచ్చిన దానాల లెక్కలు.

ఒకప్పుడు కళింగానికి రాజధాని అయిన కళింగనగరం ఈ ఊరే. తూర్పు గంగరాజులు ఇక్కడి నుంచే ఏలారు. 1078లో పట్టాభిషేకం అయిన అనంతవర్మ చోడగంగుడు పూరీ జగన్నాథుడి పెద్ద గుడి కట్టించాడు. తర్వాత ఆయనే రాజధానిని కటకానికి మార్చేశాడు.

ఈ శాసనాలు పట్టుబట్టి చదవడం నేర్చుకుని, ఇదే కళింగనగరం అని చెప్పినాయన గిడుగు రామమూర్తి పంతులు. ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న, ముఖలింగం దగ్గరే పర్వతాలపేటలో. మనం మాట్లాడే తెలుగులోనే రాయాలి, చదవాలి అని జీవితమంతా పోరాడిన మనిషి. సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి పుస్తకాలు రాశాడు. నాలాంటి వాడు ఇలా నోటికొచ్చిన మాటల్లో పోస్టు రాస్తే మీరు చదువుతున్నారంటే, దానికి దారి వేసింది మన ఏటి ఒడ్డున పుట్టిన ఆయనే. ఈ సంగతి మా పెద్దాడికి తెలీదు. చెన్నైలో వాడి స్నేహితులకి చెప్తానని ఫోటోలు తీసుకున్నాడు.

గుడి పక్క చెట్ల కింద పులిహోర, పెరుగన్నం తిని, మళ్ళీ నరసన్నపేట మీదుగా వచ్చి మడపాం దగ్గర వంతెన దాటాం. అవతలి ఒడ్డున గార మండలంలోకి తిరిగితే శాలిహుండం. ఇన్నేళ్ళలో నేను కొండ కింద నుంచి చాలాసార్లు వెళ్ళాను గానీ పైకి ఎక్కడం ఇదే మొదలు. మెట్లు పెద్ద కష్టం కాదు. నాన్న మూడు చోట్ల ఆగి ఎక్కేశాడు.

కొండ మీద ఇటుకల స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు ఉన్న గదుల పునాదులు ఉన్నాయి. ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చిందీ గిడుగు వారే. తర్వాత తవ్వకాలు జరిగాయి. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తు శకం 12వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధులు ఉన్నారని చెప్తారు. దగ్గర దగ్గర పధ్నాలుగు వందల ఏళ్ళు. తార, మారీచి విగ్రహాలు దొరికాయి. అక్కడే చిన్న మ్యూజియం ఉంది, పిల్లలకి చూపించండి.

నాకు బాగా పట్టుకున్నది ఊరి పేరు. పాత పేరు శాలివాటిక అంటారు. శాలి అంటే వరి. వాటిక అంటే చోటు. వడ్లు చేరే చోటు అన్నమాట. ఎముకలు, ధాతువులు దాచిన పెట్టె అనే అర్థంలో శల్యపేటిక అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. తవ్వకాల్లో ధాతువుల భరిణెలు దొరికాయి కాబట్టి అదీ కొట్టిపారేసే మాట కాదు. పండితులు ఏది తేల్చినా, పైనుంచి చూస్తే మనకి కనబడేది వరి మడులే. కింద వంశధార, రెండు పక్కలా చేలు, దూరంగా సముద్రం. ఏరు మీద పడవ, చివర సముద్రం మీద ఓడ ఉన్న రోజుల్లో ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది?

నాన్న ఒక ఇటుక అరుగు మీద కూర్చుని అన్నాడు, "సూడ్రా, రాజులు కటకం ఎల్లిపోనారు. ఈ సన్నాసులూ ఎల్లిపోనారు. ఇక్కడ ఉండిపోయింది ఊడుపు ఊడ్సినోడు ఒక్కడే. ఆడు బియ్యం ఎయ్యకపోతే ఈల్లకి బిచ్చం ఎక్కడిది?"

మా పెద్దాడు వెంటనే అన్నాడు, "ఉండిపోనోడు గొప్పోడా తాతా, ఎల్లలేక ఉండిపోనాడా?"

ఎవరం మాట్లాడలేదు. ఆ ప్రశ్న నాకు ఇంకా తెగలేదు. మీలో చాలామంది ఇళ్ళలో ఇదే ప్రశ్న ఉంటుందని తెలుసు కాబట్టే రాస్తున్నాను.

పొద్దు వాలేసరికి కళింగపట్నం చేరాం. లైట్‌హౌస్ దగ్గరికి వెళ్ళి చూసి, రాత్రికి బావ వాళ్ళ చుట్టాల సరుగుడు తోటలో దిగాం. ముందే అడిగి పెట్టుకున్నాం. బరకాలు కట్టి, మూడు రాళ్ళ పొయ్యి మీద అన్నం, చేపల పులుసు వండుకున్నాం. చేపలు ఒడ్డునే కొన్నాం, కొయ్యింగలు. అందరం నేల మీదే పడుకున్నాం. రాత్రంతా సముద్రం హోరు, సరుగుడు ఆకుల చప్పుడు. మంచు బాగా పడింది. నాన్న మాత్రం మా అందరికన్నా హాయిగా పడుకున్నాడు, కళ్ళంలో కుప్పల కాపలా పడుకున్నట్టుంది అన్నాడు.

పొద్దున్నే ఒక మత్స్యకారుడితో మాట్లాడుకుని ఏటి మొగ వైపు పడవెక్కాం. సముద్రంలోకి కాదు, లోపల నీళ్ళలోనే. పడవ నడిపినాయనకి అరవై దాటి ఉంటాయి. ఏరు, సముద్రం కలిసే చోట ఇసక తిప్ప యేటా జరుగుతుందట, నిరుడు దారి ఉన్న చోట ఈ యేడు మోకాలు లోతు ఉంటుందట. బ్రిటిష్ వాళ్ళ రోజుల్లో ఇది ఓడరేవు. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, మసూలా పడవల్లో సరుకు చేరవేసేవాళ్ళు. మేకులు కొట్టకుండా, పలకల్ని కొబ్బరి తాళ్ళతో కుట్టిన పడవలవి. అలలు కొట్టినా విరక్కుండా వంగుతాయి. రైలు వచ్చింది, 1933లో విశాఖ హార్బరు తెరిచారు. ఓడలు ఇటు రావడం మానేశాయి.

"మీ పిల్లలూ వేటకే ఎల్తారా?" అని మా పెద్దాడు అడిగాడు. ఇద్దరు కొడుకులూ గుజరాత్‌లో వేరావల్‌లో ఉన్నారని చెప్పాడాయన. అక్కడ పడవ యజమాని దగ్గర జీతానికి. 2018లో మన వైపు మత్స్యకారులు అక్కడి నుంచే వేటకెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అదే దారి. "గుమ్మం ముందు సముద్రం ఉంది బాబూ. అయినా ఎల్లాల" అన్నాడు. కాసేపాగి, "ఇల్లూ, పడవా మాత్రం అమ్మలేదు. ఆళ్ళు తిరిగొస్తే దిగడానికి చోటుండాల కదా" అన్నాడు.

మా పెద్దాడు ఏమీ అనలేదు. ఒడ్డుకొచ్చే దాకా నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాడు. వాడి మనసులో ఏం నడిచిందో నేను అడగలేదు, ఊహించి రాయడం కూడా సరికాదు.

ఇంటికొచ్చాక ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. కేకలు లేవు. తేలింది ఇది. రోడ్డు పక్క ఎకరంన్నర వచ్చే సంక్రాంతి దాకా ఎవరికీ మాట ఇవ్వం, అడ్వాన్సు పట్టుకోం. ఈలోపు ఆ ముక్కలో వరి ఒక్కటే కాకుండా ఇంకేం వేస్తే లెక్క మారుతుందో నేను చూడాలి. వాడు నెలకి కొంత పంపుతానన్నాడు, లెక్క మాత్రం రాసి పెట్టమన్నాడు. రాస్తున్నాను. అప్పటికీ పది వేలే మిగిలితే మళ్ళీ మాట్లాడుకుంటాం. భూమి అమ్మినవాడు తప్పు చేశాడని నేననను. ఆస్పత్రి ఖర్చు, పెళ్ళి ఖర్చు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. కానీ ఇచ్చేసేది ఏంటో ఒకసారి చుట్టూ తిరిగి చూసి, ఇంట్లో పెద్దా చిన్నా కూర్చుని, అప్పుడు తేల్చుకోండి. ఎకరం ధర చెప్పడానికి వంద మంది వస్తారు. ఈ నేల సంగతి పిల్లలకి మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

వెళ్దామనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. పండగ తర్వాత నుంచి శివరాత్రి లోపు మంచి రోజులు, ఎండ తక్కువ. ముఖలింగం పొద్దున్న, శాలిహుండం సాయంత్రం పెట్టుకోండి. మ్యూజియం తెరిచి ఉంటుందో లేదో ముందు కనుక్కోండి. కొండ మీదికి తాగే నీళ్ళు మీరే తీసుకెళ్ళండి. ఇటుకల మీద పేర్లు చెక్కొద్దని పిల్లలకి ముందే చెప్పండి. రాత్రి ఉండాలంటే తోట యజమానిని అడిగే దిగండి, పొయ్యి నీళ్ళు పోసి ఆర్పి లేవండి. పడవలో లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కొద్దు. ఏరు, సముద్రం కలిసే చోట స్నానానికి దిగొద్దు, ఈత వచ్చినా సరే, అక్కడ లోపల లాగుడు ఎక్కువ. బండి, డీజిలు, తిండి అన్నీ కలిపి మనిషికి ఏడు వందల లోపే అయింది మాకు.

ముసలివాళ్ళు ఉంటే తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. 1980 వరద ఎక్కడి దాకా వచ్చిందో మీ ఊళ్ళో చూసినవాళ్ళు ఉంటే కింద కామెంట్లో రాయండి, మా నాన్నకి చదివి వినిపిస్తాను.