ఎల్లుండి నేర్పుతా అవ్వా!

ఇంగ్లీషు పీరియడ్‌లో మా సార్ బోర్డు మీద ఒక కొత్త క్రియాపదం రాశారు: ‘పెరెండినేట్’. మాలో ఎవరికీ అర్థం తెలియలేదు. “ఈ పని మీరందరూ రోజూ చేసేదే” అని సార్ నవ్వారు.

లాటిన్‌లో ‘క్రాస్’ అంటే రేపు. పనిని రేపటికి నెట్టడం ‘ప్రొక్రాస్టినేట్’. ‘పెరెండియే’ అంటే ఎల్లుండి. పనిని ఏకంగా ఎల్లుండికి నెట్టడం ‘పెరెండినేట్’. పూర్వం రోమ్‌లో కోర్టు విచారణను మూడో రోజుకు వాయిదా వేయడానికి కూడా ఇదే కుటుంబానికి చెందిన మాట వాడేవారు. ఇప్పుడు ఇంగ్లీషువాళ్లే దీన్ని దాదాపు మరిచిపోయారు.

మేం కామాఠీపురలో ఉంటాం. తెలుగు ప్రాంతం నుంచి వలస వచ్చి ఇక్కడ కట్టడం పనులు చేసిన కామాఠీల వల్లే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. మా చాల్‌లో మూడు భాషలు వినిపిస్తాయి. మరాఠీలో ‘పర్వా’ అన్నా, హిందీలో ‘పర్సోఁ’ అన్నా మొన్న కావచ్చు, ఎల్లుండి కావచ్చు. మన తెలుగులో మొన్న వేరు, ఎల్లుండి వేరు. తప్పించుకోవడానికి వీల్లేదు. అయినా నేను తప్పించుకున్నాను.

మా అవ్వకు చదువు రాదు. బ్యాంకులో వేలిముద్ర వేసి వచ్చిన ప్రతిసారీ సిరా మరకను కొంగుతో తుడుచుకుంటూనే ఉంటుంది. జూన్‌లో ఒకరోజు “బిడ్డా, నా పేరు రాసుడు నేర్పు” అంది. “ఎల్లుండి నేర్పుతా అవ్వా” అన్నాను. యూనిట్ టెస్ట్ అయిపోయింది, గణపతి పండుగ అయిపోయింది, దసరా కూడా అయిపోయింది. పదో తరగతి అనే సాకు ఉండనే ఉంది. అవ్వ పేరులో ఉన్నవి మూడక్షరాలే!

దీపావళి తర్వాత అవ్వ కళ్లకు శుక్లాలు వచ్చాయని డాక్టర్ చెప్పారు. సార్ ఆ మాట నేర్పిన సాయంత్రం నేను పలక తీసుకుని అవ్వ దగ్గర కూర్చున్నాను. “గీతలు కనిపిస్తలేవు బిడ్డా. ఆపరేషన్ అయినంక ఎల్లుండి చూద్దాం తీయ్” అంది. నా మాటే నాకు తిరిగి వచ్చింది. నాకు గొంతు పట్టేసింది.

అమ్మ లేచి పళ్లెంలో బియ్యం పోసి ఇచ్చింది. చిన్నపిల్లలకు అక్షరాభ్యాసం చేసినట్టు అవ్వ వేలు పట్టుకుని మొదటి అక్షరం దిద్దించాను. దానికి కళ్లు అక్కర్లేదు. మర్నాడు రెండోది. ఎల్లుండికి పేరు పూర్తయింది.

ఆపరేషన్ ఇంకా కావాలి. కాగితం మీద సంతకం ఇంకా పెట్టలేదు. కానీ రాత్రి పడుకునే ముందు అవ్వ చాప మీద వేలితో ఏదో రాస్తూ ఉంటుంది.

మిత్రులారా, మీ ఇంట్లో కూడా ఎవరో ఏదో అడిగే ఉంటారు. ఈ రోజే గుర్తు చేసుకోండి.