మత్తడి దాకా నడిచిన పాఠం

తాడుకు జానెడుకొక ముడి. చివర ఒక పాత స్టీలు పళ్లెం, దాని మీద నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు రంగులు. మునగడానికి కింద ఒక రాయి కట్టారు. చెరువు మెట్ల మీద కూర్చొని తొమ్మిదో తరగతి పిల్లవాడు దాన్ని మెల్లగా నీళ్లలోకి వదులుతున్నాడు. పక్కనున్న అమ్మాయి వంగి చూస్తూ, "కనబడుతుంది... ఇంకా కనబడుతుంది... పోయింది" అంది. వెనక నిలబడ్డ ఇంకో అమ్మాయి "రెండు ముళ్లు" అంటూ నోటుబుక్కులో రాసుకుంది.

హనుమకొండ శివారులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల పిల్లలు వీళ్లు. బతుకమ్మ, దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన వారం అది. హైస్కూలు పిల్లలకు పర్యావరణం ఎలా చెబుతున్నారో చూద్దామని వెళ్లాను. నన్ను తరగతి గదిలో కూర్చోబెడతారనుకున్నాను. జీవశాస్త్రం చెప్పే టీచర్ మాత్రం చెప్పులు వేసుకొని సిద్ధంగా ఉన్నారు. "పాఠం చెరువు కాడ ఉంది సార్, పోదాం పదండి" అన్నారు.

ఆ పళ్లెం కొత్త ఉపాయమేమీ కాదు. 1865లో ఇటలీలో సెక్కి అనే శాస్త్రవేత్త సముద్రపు నీటి తేటదనం కొలవడానికి ఇలాంటి బిళ్లనే వాడాడు. ప్రపంచంలోని సరస్సుల మీద ఈ రోజుకీ అదే కొలత నడుస్తోంది. ఈ బడిలో దానికైన ఖర్చు గోడలకు వేయగా మిగిలిన కాస్త రంగు. నెలకోసారి, అదే మెట్టు మీద నుంచి, అదే పళ్లెం. నోటుబుక్కు తిరగేస్తే జూన్ నుంచి లెక్కలున్నాయి. "పెద్ద వాన పడ్డ వారం ఒక్క ముడికే పోయింది సార్. పైనుంచి మట్టి కొట్టుకొచ్చింది" అని పళ్లెం వదిలిన పిల్లవాడు చెప్పాడు. ఆ మట్టి ఎవరి చేనుదని అడిగాను. కాసేపు ఆలోచించి, కట్టకు ఎగువన ఉన్న గుట్ట వైపు చెయ్యి చూపించాడు.

ఇంకో జట్టు చాయ్ జల్లెడతో అంచు బురద తీసి తెల్ల పళ్లెంలో కడుగుతోంది. బురద పోయాక సన్నటి ఎర్ర పురుగులు మెలికలు తిరుగుతూ బయటపడ్డాయి. మన రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబినే వాటికీ ఆ రంగునిస్తుంది. అందుకే ఆక్సిజన్ బాగా తక్కువున్న బురదలో కూడా అవి బతకగలవు. అవి మాత్రమే మిగిలి, తూనీగ పిల్లల్లాంటి మిగతా పురుగులు కనబడకపోతే ఆ నీళ్లకు ఊపిరి ఆడటం లేదని అర్థం. మురుగు కాలువ కలిసే మూల నుంచి తెచ్చిన బురదలో ఎర్రవే ఉన్నాయి. తూము దగ్గరి బురదలో రెండు తూనీగ పిల్లలు దొరికాయి. ఒకే చెరువులో రెండు మూలలకు ఇంత తేడా ఎందుకో చెప్పమని టీచర్ పిల్లలనే అడిగారు. జవాబు వచ్చేదాకా ఆగారు.

కట్ట మీద నడుచుకుంటూ, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి వైపు వెళ్లాం. దారిలో ఒక పెద్దాయన మాతో కలిశాడు. ఒక అబ్బాయికి తాత. వాళ్లది నీరటి కుటుంబం. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో వాళ్ల తాతలు చూసుకునేవాళ్లు. కట్ట, తూము, మత్తడి, నీళ్లు నిలిచే శిఖం, ఆయకట్టు అంటూ ఒక్కోచోట నిలబెట్టి చూపించాడు. పుస్తకంలో 'జలవనరుల నిర్వహణ' అని ఒక్క ముక్కలో ఉన్నదాన్ని ఆయన నోట ఐదు మాటలుగా విన్నాం. ఆ ఐదు మాటలకూ ఐదు పనులున్నాయి, చేసే మనుషులున్నారు, తప్పితే నష్టపోయే పొలాలున్నాయి.

కాకతీయుల కాలం నుంచీ ఈ ప్రాంతమంతా గొలుసుకట్టు చెరువులే. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇంకో విశేషం ఉంది. ఇది రెండు పెద్ద నదుల మధ్య గట్టు లాంటి నేల. రామప్ప చెరువు నీళ్లు గోదావరి వైపు సాగితే, పాకాల నీళ్లు మున్నేరు మీదుగా కృష్ణలో కలుస్తాయి. పదో తరగతి దాటేలోగా ఇక్కడి ప్రతి పిల్లా తన ఇంటి చూరు నుంచి జారిన చుక్క ఏ నదికి పోతుందో చెప్పగలగాలి. ఆ చుక్క దారి తెలిస్తే భూగోళం, రసాయనశాస్త్రం, చరిత్ర, పంచాయతీ చట్టం అన్నీ దాని వెంటే వస్తాయని అక్కడ నిలబడ్డప్పుడు నాకు గట్టిగా అనిపించింది.

మత్తడి దగ్గర టీచర్ ఒక లెక్క ఇచ్చారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. బడి డాబా 400 చదరపు మీటర్లు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ వాన మన డాబా మీద పడితే ఎన్ని నీళ్లు? పిల్లలు కట్ట మీదే గొంతుక్కూర్చొని గుణించారు. దాదాపు 2 లక్షల 60 వేల లీటర్లు. ఒక్క డాబా, ఒక్క రోజు. "మరి వరంగల్‌ల ఎన్ని డాబాలు సార్?" అని ఒక అబ్బాయి నన్నడిగాడు. నేలంతా సిమెంటు అయ్యాక ఆ నీళ్లు ఇంకే చోటు ఎక్కడుందన్నది దాని వెంటే వచ్చిన ప్రశ్న.

2023 జులైలో ఆ వాన పడ్డ వారాన్ని ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది. నగరంలో హంటర్ రోడ్డు, నయీంనగర్ పరిసరాలు 2020 ఆగస్టులో చూసిన వరదనే మళ్లీ చూశాయి. భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. తరువాతి ఏడాది నవంబరులో పూడిక తీయడానికి ఆ చెరువు నీళ్లన్నీ వదిలిపెట్టారు. ఎన్నో ఏళ్లుగా నీళ్లే చూసిన చోట అడుగు నేల బయటపడింది. పెద్దాయన మత్తడి కింద కాలువ ఉండాల్సిన వైపు చూపించి అన్నాడు: "మత్తడి దుంకినంక నీళ్లు ఏడికో ఓ కాడికి పోవాలె గద బిడ్డా. దాని తొవ్వల మనం ఇల్లు గట్టుకుంటిమి. అది మన ఇంట్లకెళ్లి పోవట్టె."

మధ్యాహ్నం భోజనాలయ్యాక తరగతి గదిలోకి వెళ్లాం. కిటికీ గట్టు మీద నాలుగు గాజు సీసాలున్నాయి. బతుకమ్మ పూలు చెరువు నీళ్లను శుద్ధి చేస్తాయని అందరూ అంటారు. నిజమేనా అని పండుగకు ముందు ఒక అమ్మాయి అడిగిందట. టీచర్ అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. సీసాలు తెచ్చుకోమన్నారు. ఒకదాంట్లో చెరువు నీళ్లు మాత్రమే. రెండోదాంట్లో రెండు గునుగు పూలు, మూడోదాంట్లో గుప్పెడు గునుగు, తంగేడు. నాలుగోదాని నిండా పూలు కుక్కారు. సెలవులకు ఇంటికి తీసుకెళ్లిన అమ్మాయి రోజూ చూసి రాసింది. నిండా కుక్కిన సీసా నాలుగో రోజుకే వాసన వేసింది. రెండు పూలు వేసినదానికీ, ఉత్త నీళ్లకూ ఆమె కంటికి తేడా కనబడలేదు.

పూలు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ వాడుకుంటాయి. పెద్ద చెరువులో కొన్ని బతుకమ్మలు ఒక లెక్క, చిన్న కుంటలో వందల బతుకమ్మలు ఇంకో లెక్క. "మోతాదు" అని బోర్డు మీద రాసి టీచర్ దాని చుట్టూ గీత గీశారు. పండుగను తక్కువ చేసిన మాట ఒక్కటీ రాలేదు. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయే ఇంకో సంగతి చెప్పింది. వాళ్ల అమ్మమ్మ ఊళ్లో గునుగు పూల కోసం ఈసారి చాలా దూరం నడవాల్సి వచ్చిందట. గట్ల మీద కలుపు మందు కొడుతున్నారు. బతుకమ్మను కాపాడుకోవడమంటే గునుగు మొలిచే గట్టును కాపాడుకోవడం. ఏ జీవవైవిధ్యం పాఠమూ నన్ను దీనంత దగ్గరగా తాకలేదు.

మందుల మాట రాగానే తరగతి కదిలింది. సగం మంది ఇళ్లలో పత్తి, మిర్చి ఉన్నాయి. 1990ల చివర పురుగు, అప్పు, మందుల ఖర్చు కలిసి పత్తి రైతుల ప్రాణాలు తీసిన జిల్లా ఇది. అదే ఉమ్మడి జిల్లాలో ఏనబావి అనే చిన్న ఊరు రసాయనాలు పూర్తిగా మానేసి సాగు చేసి చూపించింది. రెండూ పిల్లలకు తెలియాలి. ఒక అబ్బాయి లేచి మందు డబ్బా మీద ఉండే గుర్తును బోర్డు మీద వేశాడు. ఆ గుర్తు కింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా విషం తగ్గుతుంది. "మా బాపుకు చదువు రాదు సార్. రంగు జూసి నేనే చెప్త. ఎర్రదైతే గాలికి ఎదురుంగ కొట్టద్దంట" అన్నాడు. ఆకుపచ్చదైనా మందు మందేననీ, ముఖానికి బట్ట, చేతులకు తొడుగు ఏ రంగుకైనా తప్పవనీ టీచర్ చెప్పారు. ఆ సాయంత్రం కనీసం పది ఇళ్లలో ఆ మాట మళ్లీ వినిపించి ఉంటుంది.

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఎం.సి. మెహతా కేసులో చెప్పింది. నేను చదువుకున్న రోజుల్లో ఆ పాఠమంటే కాలుష్యం నాలుగు రకాలు, నివారణ మార్గాలు ఐదు. ఓజోన్ పొర గురించి పేజీ నిండా రాయగలిగేవాణ్ని. మా వీధి మురుగు ఏ చెరువులో కలుస్తుందో మాత్రం తెలియదు. భూమి వేడెక్కడం ఈ పిల్లలూ నేర్చుకోవాలి, లోతుగా నేర్చుకోవాలి. వేడెక్కిన గాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది, ఆ ఆవిరి కుండపోతగా దిగుతుంది. లక్ష్మీదేవిపేట అంకెతో గుణించిన చేతులకు ఆ మాట ఊరికే రాదు, బరువుతో వస్తుంది. కొలవడం, వరుసగా రాసిపెట్టుకోవడం, నమ్మకాన్ని గౌరవిస్తూనే పరీక్షించడం, తన బతుకులోకి వచ్చే విషాన్ని గుర్తుపట్టడం, ఊరి నీటి దారి తెలుసుకోవడం. హైస్కూలు దాటే పిల్లకు ఈ ఐదూ చేతికి రావాలని నా కోరిక.

ఆఖరి పీరియడ్‌లో గోడకు అతికించిన పెద్ద చార్టు మీద గుట్ట, చెరువు, మత్తడి, వీధులు గీశారు. ఒక్కొక్కరూ వచ్చి తమ ఇల్లు ఉన్నచోట చుక్క పెడుతున్నారు. పొద్దున నోటుబుక్కులో ముళ్ల లెక్క రాసిన అమ్మాయి చాలాసేపు వేలితో వెతికి, మత్తడి కింద నీలం గీత మీదే చుక్క పెట్టింది. 2023లో వాళ్ల ఇంట్లోకి మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి. అప్పటి నుంచీ వాన గట్టిగా పడితే వాళ్లమ్మ బియ్యం సంచి అటక మీదికి ఎక్కిస్తుంది. ఆ అమ్మాయి టీచర్ వైపు తిరిగి, "పై చెరువు నిండినంక మా ఇంటికి నీళ్లు రావడానికి ఎన్ని గంటలు పడుతది టీచర్?" అని అడిగింది.

గదిలో ఎవరికీ తెలియదు. రేపు పొద్దున పై చెరువు మత్తడి నుంచి వాళ్ల ఇంటిదాకా కాలువ వెంట నడిచి, దూరం కొలుచుకుందామని టీచర్ అన్నారు. ఒక అబ్బాయి చార్టు మీద నీలం గీత పక్కన ఖాళీ గడి గీసి, "గంటలు" అని రాసి పెట్టాడు.