బావగారి ఫ్రీ పార్కింగ్

పెద్ద బావగారి సలహా ఖరీదు 3,04,200 రూపాయలు. ఎస్.ఆర్. నగర్‌లోని ఆ ఇంట్లో ఈ అంకె అందరికీ కంఠతా వచ్చు. అమీర్‌పేటలో జావా పాఠాలు చెప్పే మాస్టారికి మరీను.

బావగారిది శాన్ హోసే. 2022 దసరాకి కారు బుక్ చేద్దామని మాస్టారు అనుకుంటుండగా వీడియో కాల్‌లో ఆయనే తేల్చేశారు. “మామూలు పెట్రోల్ బండి ఎందుకు బావా? హైబ్రిడ్ తీసుకో. మాకిక్కడ పార్కింగ్ కూడా ఫ్రీగా ఇచ్చారు. రేపు మీకూ ఇస్తారు.” ఎప్పుడిచ్చారు, ఇంకా ఇస్తున్నారా అని ఎవరూ అడగలేదు. అమెరికా నుంచి ఫోన్ చేసిన మనిషిని, అందులోనూ ఇంటావిడ అన్నగారిని, అలా అడిగే అలవాటు మన ఇళ్లలో లేదు.

బావగారు అబద్ధమేమీ చెప్పలేదు. 2000 తర్వాతి దశకంలో శాన్ హోసే, లాస్ ఏంజెలెస్ నగరాలు హైబ్రిడ్ కార్లకు మీటర్ల దగ్గర పార్కింగ్ ఉచితం చేశాయి. కాలిఫోర్నియా ప్రభుత్వం 85,000 హైబ్రిడ్లకు పసుపు స్టిక్కర్లిచ్చి, బండిలో ఒక్కరే ఉన్నా కార్‌పూల్ లేన్‌లో పోనిచ్చింది. ఆ స్టిక్కరున్న ప్రియస్ పక్కన నిలబడి బావగారు తీయించుకున్న ఫొటో ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతుంటుంది. 2011 జూలై 1 నుంచి ఆ స్టిక్కర్లు చెల్లలేదు. బావగారి సలహా పదకొండేళ్లు ఆలస్యంగా హైదరాబాద్ చేరిందన్నమాట.

మన దగ్గరా హైబ్రిడ్‌కి కొన్నాళ్లు మంచిరోజులు నడిచాయి. 2015 ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఫేమ్ పథకంలో మైల్డ్ హైబ్రిడ్లకూ, అంటే ఇంజిన్‌కి బ్యాటరీ సాయం మాత్రమే ఉండే బండ్లకూ, సబ్సిడీ దక్కింది. 2017 ఏప్రిల్‌లో వాటిని తీసేశారు. అదే ఏడాది జూలైలో జీఎస్టీ వచ్చి, సెస్సుతో కలిపి హైబ్రిడ్ కార్ల మీద 43 శాతం పన్ను పడింది. ఎలక్ట్రిక్ కార్లకేమో 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. ప్రభుత్వం మనసు ఎటుందో ఈ రెండంకెలు చూస్తే తెలిసిపోతుంది.

మాస్టారు చూడలేదు. మారుతి గ్రాండ్ విటారాలో స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే కాసేపు బ్యాటరీ మీదే నడవగలిగే రకం, బుక్ చేశారు.

ఇక లెక్క. విడుదలైనప్పుడు జీటా ప్లస్ స్ట్రాంగ్ హైబ్రిడ్ షోరూమ్ ధర 17.99 లక్షలు. అదే జీటాలో ఆటోమేటిక్ మైల్డ్ హైబ్రిడ్ 15.39 లక్షలు. తేడా 2,60,000. పది నుంచి ఇరవై లక్షల మధ్య కార్లకి తెలంగాణలో అప్పటి లైఫ్ ట్యాక్స్ 17 శాతం కాబట్టి, ఆ తేడా మీద ట్యాక్సే 44,200. మొత్తం 3,04,200. ఇన్సూరెన్స్‌లో తేడా మాస్టారు వదిలేశారు, అది కలిపితే కడుపు మంట ఇంకాస్త పెరుగుతుందని.

దానికి ఎదురుగా పెట్రోల్ ఆదా. కంపెనీ చెప్పిన మైలేజీ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి 27.97, మైల్డ్ ఆటోమేటిక్‌కి 20.58. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 128 లీటర్ల చిల్లర. అప్పుడు హైదరాబాద్‌లో లీటరు 109 రూపాయల 66 పైసలు. అంటే ఏడాదికి 14,078 రూపాయలు. పెట్టిన అదనపు డబ్బు తిరిగి రావడానికి ఇరవై ఒక్క ఏళ్లు దాటుతుంది. ఆర్సీ గడువే పదిహేనేళ్లు!

పోనీ, ఆ 3,04,200 చేతిలోనే ఉంచుకుంటే? నూటికి అర్ధరూపాయి వడ్డీ వేసుకున్నా నెలకి 1,521, ఏడాదికి 18,252. అప్పట్లో ఎఫ్‌డీ మీద అటూఇటూగా వచ్చేదీ అంతే. పెట్రోల్ మీద మిగిలేదానికంటే వడ్డీయే ఎక్కువ.

ఈ లెక్క విని బావగారు ఊరుకోలేదు. “సిటీ ట్రాఫిక్‌లో చూడు బావా, అక్కడే హైబ్రిడ్ సత్తా” అన్నారు. అదీ నిజమే. పంజగుట్ట సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఇంజిన్ ఆన్ చేసుకుని నిలబడితే మాస్టారి కారు చడీచప్పుడు లేకుండా బ్యాటరీ మీద ముందుకి జరుగుతుంది. ట్యాంకు నింపి చూస్తే లీటరుకి 22 వస్తోంది. పై ఫ్లాట్‌వాళ్ల మైల్డ్ హైబ్రిడ్ 12 దాటడం లేదు. ఇంత తేడాతో 10,000 కిలోమీటర్లు తిరిగితే 41,000 పైనే మిగలాలి. కానీ మాస్టారు తిరిగేది 4,000. ఇన్‌స్టిట్యూట్‌కి నడక. మైత్రీవనం చుట్టుపక్కల కరపత్రాలు పంచే కుర్రాళ్లకే నిలబడ్డానికి చోటుండదు, కారెక్కడ పెడతారు? దూరమైతే అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో ఎక్కేస్తారు. నాలుగు వేల కిలోమీటర్లకి ఆదా 16,615. ఇదీ 18,252 వడ్డీకి తక్కువే.

అప్పుడు కలిపారు పార్కింగ్. వారానికి రెండుసార్లు, ముప్పై రూపాయల చొప్పున ఏడాదికి 3,120. కలిపితే 19,735. వడ్డీని మించి 1,483 రూపాయలు మిగులు! మాస్టారు నిజంగా తిరిగే దూరానికి గట్టెక్కిన లెక్క ఇదొక్కటే. అదీ బావగారు చెప్పిన ఫ్రీ పార్కింగ్ వస్తేనే.

అసలు మాస్టారికి ఫ్రీ పార్కింగ్ ఎప్పుడో ఉంది. 2018 మార్చి 20న మున్సిపల్ శాఖ ఇచ్చిన జీవో 63 ప్రకారం మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో, వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట ఎవరికైనా ఉచితం. అరగంట నుంచి గంట దాకా ఎంతో కొంత కొన్న బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే బిల్లుగానీ సినిమా టికెట్‌గానీ పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉండాలి. పంజగుట్టలో మాల్ సెల్లార్ నుంచి బండి పైకి తెస్తే గేటు దగ్గర కుర్రాడు టోకెన్ మీద టైము చూసి “బిల్లుందా సార్?” అంటాడు. పాపకి కొన్న చెప్పుల బిల్లు చూపిస్తే గేటు లేస్తుంది. ముందున్న పాత ఆల్టోకీ అదే మర్యాద, వెనకున్న బుల్లెట్‌కీ అదే మర్యాద. బానెట్ కింద ఏముందో ఆ కుర్రాడికి అక్కర్లేదు. తెలుసుకుందామన్నా కష్టమే. కేంద్రం 2018లో ఆకుపచ్చ నంబర్ ప్లేటు ఇచ్చింది ఎలక్ట్రిక్ బండ్లకి. హైబ్రిడ్‌ది అందరిలాగే తెల్ల ప్లేటు.



2024 జూలైలో ఉత్తరప్రదేశ్ స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ ట్యాక్స్ ఎత్తేసినప్పుడు మాస్టారికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. అదే మినహాయింపు తను కొన్నప్పుడు తెలంగాణలో ఉండి ఉంటే ఆయనకి 3,05,830 మిగిలేది. తెలంగాణ కూడా ఆ నవంబర్‌లో జీవో 41 ఇచ్చింది గానీ, 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అయ్యేది ఎలక్ట్రిక్ బండ్లకే.

ఆ వారమే బావగారి ఫోన్. “ఇది అమ్మేసి ఎలక్ట్రిక్ తీసుకో బావా, ట్యాక్స్ లేదట.”

మాస్టారు మాట్లాడలేదు. ఇంటావిడ ఫోన్ అందుకుని “జీవో నంబరు చెప్పు అన్నయ్యా” అంది. ఆయన ఠక్కున చెప్పారు, పీడీఎఫ్ కూడా పంపారు. ఇప్పుడు మాస్టారి నోట్‌బుక్‌లో కొత్త పేజీ మొదలైంది. పాత కారుకి ఎంతొస్తుంది, కొత్తదానికి యూనిట్ ఎంత పడుతుంది అని రాసుకుంటున్నారు. సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్ పెట్టుకోవడానికి మాత్రం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు.