మా స్కూటరు కంటే పెద్దది

అమెరికాలో, మిల్వాకీ శివార్లలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గడ్డి కోసే పనుండదు. ఆ నెలలన్నీ లాన్‌మోవర్ గరాజులో ఓ మూల పడుంటుంది. మొన్న మేలో బయటికి తీసి తాడు లాగాను. ఇరవైసార్లు లాగినా చిన్న దగ్గు కూడా లేదు. నా భుజం మాత్రం పట్టేసింది.

రిపేరు షాపతను ఫోన్లోనే తేల్చేశాడు: మూడు వారాలు పడుతుందట, ఆ డబ్బుకి ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుందట. అదీ ఈ ఊళ్లో! ఇలాంటి చిన్న ఇంజన్లు చేసే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 1908లో మొదలైంది ఇక్కడే. 1953లో వాళ్లు అల్యూమినియం ఇంజను తెచ్చాకే ఈ సింగిల్ సిలిండర్ ఇంజన్లు తేలికపడి ఇంటింటి పెరట్లోకీ వచ్చాయి.

శనివారం పొద్దున తొమ్మిదింటికి, తెనాలిలో రాత్రి ఏడున్నరప్పుడు, నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను.

"ఎన్ని సీసీలురా?"

"160, నాన్నా."

"గడ్డికా?"

మా పాత బజాజ్ స్కూటరు 150. నలుగురం, కాళ్ల దగ్గర బియ్యం మూటతో సహా దానిమీదే తిరిగాం. ఆయన జీర్ణించుకోడానికి కాసేపు పట్టింది.

"ఓసారి పక్కకి వంచి చూడు."

స్కూటరుకైతే అదే మందు. దీని కడుపులో విడిగా ఆయిలుంది, ఎటుపడితే అటు వంచితే ఎయిర్ ఫిల్టర్లోకి ఎక్కుతుంది. ప్లగ్గు విప్పి చూశాం. బ్యాటరీ లేని ఇంజను కదా, తాడు లాగితే ఫ్లైవీల్లోని అయస్కాంతం కాయిల్ పక్కనుంచి తిరిగి రవ్వ పుట్టించాలి. పుట్టిస్తోంది.

"అయితే పెట్రోలే. నిరుటిది అలాగే వదిలేశావా?"

వదిలేశాను. ఇక్కడి పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. నెలల తరబడి నిలవుంటే తేమ పీల్చుకుంటుంది, పాతబడిన పెట్రోలు జిగురై కార్బురేటర్లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాన్ని, అంటే జెట్‌ని, పూడ్చేస్తుంది. కార్బురేటర్ గిన్నె విప్పితే అడుగున అదే జిగురు. సన్నటి రాగి తీగతో జెట్ పొడిచి, నోటితో ఊదాను. చిన్నప్పుడు స్కూటరు దగ్గర నాన్న ఊదుతుంటే నాకూ ఇవ్వమని ఏడ్చేవాణ్ణి. ముప్పయ్యేళ్లకి తెలిసింది, రుచి ఏం బాగోదు.

కొత్త పెట్రోలు పోశాక మూడో లాగుడికి అందుకుంది. నేను అరిచినంత పని చేశాను.

"ఫోను దాని దగ్గర పెట్టు," అన్నారు నాన్న. కళ్లు మూసుకుని విన్నారు. "శబ్దం పైకీ కిందకీ ఊగుతోంది. ఇంకో జెట్ ఉంటుందిరా, ఐడిల్‌ది, చిన్నది. ఆపెయ్."

ఆపి, మళ్లీ పదో నంబరు స్పానరు వెతుక్కున్నాను. అవతల నాన్న కుర్చీ ముందుకి లాక్కున్నారు.