దర్భా దారిలో ఒక ప్రాక్టికల్ పరీక్ష

బల్ల మీద రెండు డబ్బాల మట్టి. ఒకటి మర్హాన్ నేలది, అంటే గట్టు మీది గరప మట్టి. రెండోది గభార్‌ది, వరి పండే పల్లపు మడిది. పక్కన అడ్డంగా కోసిన ప్లాస్టిక్ సీసాలు, పాత గుడ్డ ముక్కలు, కొలజాడీ, గ్లాసులు. వాటితో పాటు అవసరం లేని సామాను కూడా ఉంది: అయస్కాంతం, థర్మామీటరు, దారపు ఉండ. ప్రశ్న ఒక్కటే. ఏ మట్టి ఎక్కువ నీళ్లు పట్టి ఉంచుతుంది? ఎలా తేల్చాలో చెప్పరు. ఏ వస్తువు తీసుకోవాలో, ఏది వదిలేయాలో పిల్లలదే నిర్ణయం.

జగదల్‌పూర్ నుంచి సుక్మా పోయే దారిలో, దర్భా వైపున్న ఆశ్రమ పాఠశాల ఇది. పరీక్ష ఎనిమిదో తరగతికి. సైన్సు మాస్టారు జగదల్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం వాడు. నాతో తెలుగు, పిల్లలతో హల్బీ, రిజిస్టరులో హిందీ. పిల్లల్లో చాలామందికి ఇంట్లో ధుర్వా భాష. వాళ్లు ఆయన్ని గురూజీ అంటారు.

ప్రాక్టికల్ అనగానే మనకు గుర్తొచ్చే తంతు వేరు. ఇంటర్ రెండో ఏడాది, సబ్జెక్టుకు 30 మార్కులు, సీనియర్ రికార్డు చూసి దింపిన రికార్డు, ఎక్స్‌టర్నల్ వచ్చే రోజు హడావుడి. లోలకంతో g విలువ 980 దగ్గరికి రాకపోతే జవాబు నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు ‘తెప్పించడం’. మన పాఠ్యపుస్తకాల విద్యాప్రమాణాల్లో ‘ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు’ అని ఒక అంశం ఉంది. చాలా బళ్లలో అది పుస్తకంలోనే ఉండిపోతుంది. మార్కులు మాత్రం పడతాయి, అందరికీ దాదాపు ఒకే రకంగా.

మాస్టారి బల్ల మీద అట్ట ఊడిన ‘బాల్ వైజ్ఞానిక్’ కనిపించింది. హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం పుస్తకం అది. కిశోర్ భారతి సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఆ కార్యక్రమం మొదలుపెట్టాయి. 1978లో జిల్లా అంతటికీ పాకింది, 1982 నుంచి ఏకలవ్య సంస్థ నడిపింది. అప్పటి మధ్యప్రదేశ్‌లో, అంటే ఈ బస్తర్ కూడా ఉన్న రాష్ట్రంలో, ఎనిమిదో తరగతి బోర్డు పరీక్షకు ఆ బళ్ల పిల్లలు పుస్తకం, నోటు వెంట తెచ్చుకుని చూసి రాశారు. విడిగా ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. వల్లె వేయడాన్ని తిట్టిపోసిన పథకాలు మనకు బోలెడు. పరీక్షనే మార్చిన పథకం ఇంకోటి నాకు వెంటనే తట్టదు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరు అమ్మాయిలు. గభార్ మట్టిని ఒకమ్మాయి పిడికిట్లో నొక్కి చూసింది. తడి. స్నేహితురాలితో ఏదో అని, రెండు మట్లనూ చెరో అట్ట మీద పరిచి ఎండలో పెట్టొచ్చింది. మాస్టారు తన షీటులో ఒక టిక్కు పెట్టారు. మడిలోంచి తెచ్చిన మట్టిని ఆరబెట్టకుండా అలాగే ఇచ్చింది కావాలనేనట. తక్కిన జట్లలో ఎక్కువమంది ఆ తడిని పట్టించుకోలేదు.

మట్టి పొడయ్యాక చెరో గ్లాసు కొలిచి, గుడ్డ కట్టిన సీసాల్లో పోసి, 100 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు వంచారు. మర్హాన్ మట్టి నుంచి నీళ్లు గబగబా కారిపోయాయి. గభార్ మట్టి తాగడం మానేసి నీటిని నెత్తిన మోసింది. కింద చుక్కలు ఆగిపోయాయి, పైన మాత్రం వేలి మందాన నీళ్లు నిలిచే ఉన్నాయి. కిందికి రాలేదు కాబట్టి మట్టి పట్టుకున్నట్టేనా? ఆ అమ్మాయి కాసేపు అటూ ఇటూ చూసి, సీసాను మెల్లగా వంచి పైనున్న నీళ్లను వేరే గ్లాసులోకి తీసి కొలిచింది. నోటులో రెండు అంకెలు విడివిడిగా రాసింది. మొదట వేసిన తీసివేత కొట్టేసి మళ్లీ చేసింది.

‘పట్టి ఉంచడం’ అంటే ఏమిటో అక్కడికక్కడే తేల్చుకుంది ఆ పిల్ల. షీటులో గడులున్నాయి: మట్టి సమానంగా తీసుకున్నారా, రెండూ పొడిగా ఉన్నాయా, నీళ్లు ఒకే కొలతా, ఒకే సేపు ఆగారా, రెండోసారి చేసి చూశారా. దీనికి మాత్రం గడి లేదు. పైగా ఒకే సేపు ఆగలేదని, రెండోసారి చేయలేదని ఆమెకు రెండు గడులు పోయాయి కూడా.

నోటు పుస్తకం చూసి మార్కులు వేసేస్తే సరిపోదా అని అడిగాను. అడగడానికి కారణం ఉంది. 1990ల మొదట్లో అమెరికాలో రిచర్డ్ షావెల్సన్ బృందం ఇలాంటి పనే బడిపిల్లలకు ఇచ్చింది, ఏ పేపర్ టవల్ ఎక్కువ నీరు పీలుస్తుందని. పక్కన నిలబడి చూసినదానికీ, పిల్లల నోటు చూసి వేసినదానికీ మార్కుల్లో పెద్ద తేడా రాలేదు. మాస్టారు వెనక బల్ల మీది ఒక నోటు తెచ్చి చూపించారు. అందులో రెండు పొట్టి హిందీ వాక్యాలు, రెండింటిలోనూ తప్పులు.

“ఈ పిల్లాడు రెండు మట్లతోనూ మూడేసి సార్లు చేశాడన్నా. రాసింది ఒక్కసారిదే. హల్బీలో అడిగితే మూడూ చెప్పాడు. నోటు చూసి వేస్తే నేను వాడి హిందీకి మార్కులు వేసినట్టు.”

షావెల్సన్ బృందానిదే ఇంకో ఫలితం ఆయన పనికి అడ్డం వస్తుంది. ఒక ప్రయోగంలో రాణించిన పిల్లవాడు మరోదానిలో తేలిపోవచ్చు. ఒక్క బల్ల చూసి ఎవరి నైపుణ్యం ఎంతో చెప్పలేం, చాలా పనులు ఇవ్వాలి. ఇంగ్లండులో 1980ల సర్వేల్లో పిల్లల్ని బల్ల నుంచి బల్లకు తిప్పుతూ పరీక్షించారు. అది ప్రత్యేకంగా పెట్టుకున్న పరిశీలకులతో నడిచిన వ్యవహారం. ఇక్కడ మూడు తరగతులకూ సైన్సు మాస్టారు ఒక్కడే. ఆ రోజు మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క కూడా ఆయనే చూశాడు. అందుకే ఏడాదికి ఒక పెద్ద పరీక్ష మానేసి, ఇలాంటి చిన్నవి నాలుగైదు పెడుతున్నాడు, ఒక్కోసారి ఒక్కో బల్లనే గమనిస్తూ. అంతకన్నా మంచి దారి నాకూ తోచలేదు.

వచ్చే ఏడు ‘పైన నిలిచిన నీళ్లు విడిగా కొలిచారా’ అని షీటులో గడి చేర్చొచ్చు కదా అన్నాను.

“చేర్చొచ్చన్నా. చేర్చిన నెలకి క్లాసులో అందరూ సీసా వంచుతారు, ఎందుకో తెలియకుండానే. అందుకని దీన్ని షీటు వెనక రాసుకున్నా. వచ్చేసారి ఆ అమ్మాయి దగ్గర మట్టి పెట్టను, ఇప్పపూలు పెడతా. ఎండితే ఎంత బరువు తగ్గుతాయో చెప్పమంటా. అక్కడేం చేస్తుందో చూడాలి.”